బడ్జెట్టు గారి ఎదుటి కుర్చీ

పారిస్‌లో వాన పడుతున్న ఆ మధ్యాహ్నం, బొమ్మలు అచ్చువేసే రాతిపలక మీద వంగి వ్యంగ్యచిత్రం గీస్తున్న కుర్రాడు తలెత్తేసరికి గుమ్మం నిండా ఒక బొజ్జ కనిపించింది. ఆ బొజ్జ తను గీసిందే.

“బొమ్మల కొట్టు అద్దంలో పెట్టిన బొమ్మ నీదేనా? పల్లెజనం కోళ్లూ, ధాన్యం మోసుకొస్తుంటే బల్ల ముందు కూర్చుని మింగేస్తున్న బొజ్జాయన, కింద ‘బడ్జెట్టు’ అని పేరు?”

“నాదేనండీ. పూటకూళ్లింట్లో మీరు సూప్ తాగుతుంటే చూసి గీశాను. రాజుగారి ఖర్చుని వెక్కిరించాలని తప్ప మీ మీద కోపమేం లేదు. పోలీసులకు చెప్పకండి, ఒకసారి జైలుకెళ్లొచ్చినవాణ్ణి.”

“చెప్పడానికి రాలేదయ్యా. ఆ బొమ్మ చూసి జనం నన్ను గుర్తుపట్టేశారు. కనబడితే చాలు, ‘ఏం బడ్జెట్టు గారూ, భోంచేశారా?’ అని ఒకటే కేకలు.”

“మిమ్మల్ని వీధిలో తలెత్తుకోనీకుండా చేశాను.”

“మా ఆవిడ పోయాక నన్ను ‘భోంచేశారా’ అని అడిగినవాళ్లే లేరు. రోజూ కావాలనే ఆ వీధిన వెళ్తున్నాను.”

కుర్రాడు రాతి మీద గీసే జిడ్డు పెన్సిలు పక్కన పెట్టాడు.

“మరి నన్నేం చెయ్యమంటారు?”

“ఈసారి గీసేటప్పుడు ఎదుటి కుర్చీలో ఎవరినైనా కూర్చోబెట్టు.”

“కుదరదండీ! అంత తిండీ వాడొక్కడే తింటున్నాడనేగా జనం నవ్వేది?”

పెద్దాయన టోపీ మీది వాననీళ్లు నెమ్మదిగా దులుపుకున్నాడు.

“ఒక్కడే కూర్చుని తింటుంటే నవ్వొస్తుందా బాబూ?”