జత కాని చెప్పులు

ఆసుపత్రి రెండో అంతస్తులోని గదిలో డాక్టరు ముందు ముప్పై ప్రశ్నల కాగితం ఉంది. ఎదుటి కుర్చీలో రోగి అక్క కూర్చుంది.

“ఈ మందు మా తమ్ముడికి పనిచేస్తుందా, డాక్టరు గారూ?”

“స్కిజోఫ్రెనియాలో ఎవరికి ఏ మందు పడుతుందో ముందే చెప్పలేమమ్మా. మొదటి రెండు వారాల్లో కాస్తయినా మార్పు కనిపిస్తే ఆశ ఉంటుంది. లేకపోతే వేరే మందు ఆలోచిస్తాం.”

“ఇవాళ్టికి పదకొండు రోజులు.”

“గురువారానికి పద్నాలుగు. అప్పుడు అతన్ని మళ్ళీ ఈ ప్రశ్నలన్నీ అడుగుతాను. గొంతులు వినిపిస్తున్నాయా, ఎవరైనా వెంటపడుతున్నట్టుందా, ఇలాంటివి.”

“అక్కని ఏడిపిస్తున్నావా అని ఉందా అందులో?”

“ఏడిపించడమా?”

“వెక్కిరించడమండీ. నన్నో మాట అనకపోతే వాడికి తిన్నది అరిగేది కాదు. జడ వంకరగా ఉన్నా వదిలేవాడు కాదు. జబ్బు చేశాక, రెండేళ్ళయింది, ఒక్క మాట లేదు.”

“అలాంటి ప్రశ్న లేదమ్మా. అన్నట్టు, మీ చెప్పులు జత కాదు. ఒకటి నలుపు, ఒకటి ఎరుపు.”

“తెలుసండీ. మందు మొదలైన రోజు నుంచీ ఇవే వేసుకొస్తున్నాను. బస్సులో అందరూ నవ్వుతున్నారు, నవ్వాల్సినవాడు తప్ప.”

“ఇవాళ కూడానా?”

“ఇవాళ కిందికి చూశాడు. ముందు ఈ కాలు, తర్వాత ఆ కాలు. ఏమీ అనకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అది మార్పేనా?”

“చెప్పలేనమ్మా.”

“ఎక్కడైనా రాసిపెట్టండి, డాక్టరు గారూ.”

డాక్టరు కాగితం తిప్పి, ఖాళీగా ఉన్న వైపు రెండు వాక్యాలు రాశాడు.

“గురువారం కూడా ఇవే వేసుకురండి.”