మొలకలు పీకిన వారం

పెరట్లో గేదె మేతకని వేసిన బీట్‌రూట్ మడి ముందు మామా కోడలూ నిలబడ్డారు.

“చూడమ్మా, ఒక్కో దుంప తలకాయంత ఊరింది! పోయినేడు వేలెడంత కూడా లేవు.”

“పోయినేడు ఒత్తుగా వదిలేశారు, మామయ్యా. మొలక పీకాలంటే మీకు ప్రాణం ఒప్పదుగా.”

“పచ్చగా లేచినదాన్ని ఎలా పీకనమ్మా?”

“మరి ఈసారి మొక్కకీ మొక్కకీ జానెడు ఎడం ఎలా వచ్చిందంటారు?”

“నువ్వేగా పీకావు.”

“అయ్యో! మీకు తెలిసిపోయిందా?”

“గేదె మూతికి లేతాకులు అంటుకుని ఉంటే తెలీదా?”

“మరి ఒక్క మాటైనా అనలేదే!”

“భలేదానివే! నీకు అడ్డు రాకూడదనేగా, ఈ మోకాళ్ల నొప్పులతో వారంరోజులు పొద్దున్నే ఊరంతా తిరిగొచ్చింది!”