ఇరవై అంగలు

ఏందిరా ఇస్రాయేలు, గా దస్తి మూతికి కట్టుకొని అరుగు కొసకు పోయి కూసున్నవ్? ఏమంటున్నవో ఇనవడ్తలేదు, దస్తి జర కిందికన్న గుంజు. ఆఁ, గిప్పుడు ఇనవడ్డది. సూరత్‌ల పిలేగొచ్చిందని పని బందు వెట్టిర్రు, రైలెక్కి వచ్చినవ్, ఇగ ఊర్లోళ్లు పది దినాలు ఎవ్వరి పక్కకు పోవద్దన్నరు. ఎవరన్నరు, సర్పంచా? మంచిగనే అన్నడు. మరి గా సర్పంచే పొద్దుగాల వచ్చి నీ చేతులకెల్లి బీడీ తీస్కొని ముట్టిచ్చుకుండె గద, నేను సూడలేదనుకున్నవా? నాకు చెవులు మందమైనయి గని కండ్లు మంచిగనే ఉన్నయి. నీ మూతికేమో దస్తి, ఆయన మూతిలనేమో నీ బీడీ. జనం గింతేరా. దూరం ఉండుర్రి అంటె ఉంటరు. ఎవరికాడ? ఎవరితోని పని లేదో గాళ్లకాడ.

మీ తాత ఉంటె గీ ముచ్చట ఇని కడుపు వట్టుకొని నవ్వుతుండె. నీకు మీ తాత ఎర్క లేదు. నీకేంది, మీ నాయినకే ఎర్క లేదు, కడుపుల ఉండె గద అప్పటికి. మైసయ్య అంటె మన వాడల గట్టి మనిషి. పొడుగు. దర్వాజ కాడ వంగి లోపలికి వస్తుండె, వంగి వంగి మెడ జర ముంగటికి ఉండేది. ఊరికి సాటింపు ఏసేది ఆయినే. సొప్ప మంట ఏసి డప్పు కాగవెట్టి, యేలుతోని టంగుమని కొట్టి సూసి, చెవి దగ్గర వెట్టుకొని ఇంటుండె. మోగుతుంటె నడిచిపోయెటోళ్లు గూడ ఆగుతుండిరి. తల దువ్వుకునుడు ఎక్కువ. నా దువ్వెన తీస్కపోయి డప్పు సంచిల ఏసుకుంటుండె, నేను ఇల్లంత ఎతుక్కుంటుంటి. అడగాలంటె సిగ్గు. అత్త ముంగట మొగనితోని నోరు తెరిచి మాట్లాడుడు అప్పట్ల యాడిది? గిప్పటి పిల్లలు బస్సుల కూసోని నవ్వుకుంట మాట్లాడుకుంటరు, మంచిగుంటది సూస్తుంటె. నేను కాపురానికి వచ్చి రెండేండ్లయినా ఆయినతోని తీరువడిగ నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఏమే అంటె ఊఁ అనాలె, గంతే.

ఏం చెప్తున్న? ఆఁ, పిలేగు. నిజాం సర్కార్ ఉండె అప్పుడు. ఏ యేడాదో నాకు చెప్పరాదు, జొన్నలు కంకివట్టిన దినాలు. ఓనాడు కోమటోళ్ల ఇంట్ల దూలం మీదికెల్లి ఎలుక రాలింది. తెల్లారి పటేలింట్ల రెండు. ఎలుకలు రాలితె ఇగ ఊర్ల ఉండొద్దని అందరికి ఎర్కే, మా అవ్వ జమానల గూడ గట్లనే ఎల్లిర్రంట. మక్తల్ కచ్చేరికెల్లి హుకుం వచ్చిందని పటేలు మీ తాతను పిలిపిచ్చిండు. వాకిట్ల నిలవెట్టి, తను అరుగు మీద కూసోని అన్నడంట: "ఓరి మైసిగా, ఇను. రేపు పొద్దుమూకే వరకు ఊరు ఖాళీ గావాలె. ఎవరి చేన్ల గాళ్లు గుడిసెలేసుకోవాలె. గుడిసెకు గుడిసెకు ఇరవై అంగలు. ఒకని పొయ్యికాడికి ఇంకొకడు పోవద్దు. ఒకని కుండ ఇంకొకడు ముట్టద్దు. ఎవనికన్న జరమొస్తె వాగవతలి గుడిసెకు తోలాలె, వాని ఎంబడి ఎవ్వడు పోవద్దు. ఎవడన్న ఇనకుంటె నువ్వే చెప్పాలె, నీకు అఖ్తియార్ ఇచ్చిన." అఖ్తియార్ ఇచ్చిండంట, అధికారం! మీ తాత ఊరంత తిరిగి కొట్టి, ఇంటికొచ్చి డప్పు గోడకు తగిలిచ్చి, నవ్వుడే నవ్వుడు. వాళ్లవ్వతోని అంటున్నడు, నాకు ఇనవడాలెనని జర గట్టిగ: "అవ్వా, ఇరవై అంగలంటె ఎంత దూరమని ఊరంత నన్నే అడుగుతున్నరే. రెడ్లకు తెలుస్తలేదు, కోమట్లకు తెలుస్తలేదు. మనోళ్లయితె కొలువకుండనే నిలవడ్తరు." మా అత్త గూడ నవ్వింది. నేను పొయ్యికాడికెల్లి ముసుగు గుంజుకొని నవ్విన. బాధలేదా అంటె ఉన్నదిరా, గని ఆయిన చెప్తె నవ్వొచ్చేది.

ఊరు ఇడిసి ఎల్లినం. తలుపులు తీసే ఉంచుమన్నరు, ఇండ్లకు ఎండ తగలాలెనంట. మాకు చేను యాడిది? వాగు పక్కకు పటేలు బీడు భూమి ఉండె, గాడ ఏసుకొమ్మన్నరు. మీ తాత అంగలేసి కొలిచి, సున్నంతోని గీతలు గీసిండు. ఆయినవి పొడుగు కాళ్లు గద, గాయిన ఇరవై అంగలంటె మిగిలినోళ్లకు ముప్పై. పోరగాండ్లు గా గీత మీద కుంటుకుంట ఆడిర్రు. రెండో దినానికి సున్నం లేదు, గీత లేదు. ఇగ తుమ్మ కంప కొట్టుకొచ్చి అడ్డమేసిండు. కంప మీద ఆడోళ్లు బట్టలారేసిర్రు.

ఇగ ఐలేశం కల్లు మండువ ముచ్చట చెప్పాలె నీకు. ఊరు ఖాళీ అయింది గని కల్లు బందు గాలే. ఈతచెట్ల కింద మొదటి ముంత తాగెటప్పుడు అందరు మంచిగనే దూరం దూరం కూసుంటుండిరి. రెండో ముంతకు జర జరుగుతరు. మూడో ముంతకు ఒకని భుజం మీద ఒకడు. మీ తాత పోయి డప్పు కొట్టి, "జరుగుర్రి, జరుగుర్రి" అంటె, ఐలేశం ఏమన్నడో ఎర్కనా? "మైసన్న, కల్లు పోయాలంటె వంగాలె, వంగితె ఇరవై అంగలు యాడికెల్లి వస్తయి?" అన్నడు. అందరు నవ్విర్రు. "మరి మాకు నిలవడి పైకెల్లే పోస్తవు గద, గట్లనే అందరికి పొయ్యి" అన్నడంట మీ తాత. గప్పుడు ఎవ్వరు నవ్వలే.

మన వాడోళ్లు తక్కువ అనుకునేవు. మొదలు జరమొచ్చింది మనకాడనే, సాలమ్మకు. నీకు వరుసకు పెద్దవ్వ అయితది. వాగవతలికి తోలిర్రు, మూడు దినాలకు వోయింది. సావు కాడ మెడ వట్టుకొని ఏడ్వకుంటె మనల మనిషనరు. దూరం నిలవడి ఏడ్చిందంటె, ఏందో మనసుల వెట్టుకున్నదంటరు. ఆడోళ్లందరు వాగు దాటి ఉరికిర్రు. నేను గూడ ఉరికిన. ఒకరి మెడ ఒకరు వట్టుకొని, ముక్కు మొఖం ఏకం చేసుకొని ఏడ్చినం. మీ తాత డప్పు కొడుతున్నడు, అరుస్తున్నడు, మమ్ముల ఇడిపియ్యాలని గుంజుతున్నడు. ఎవరింటరు? ఇంటికొచ్చినంక నన్ను తిట్టిండు. అత్త మామ ఉంగనే తిట్టిండు. "కడుపుతోని ఉన్నవు, నీకు బుద్ధి లేదా" అని. నాకు కోపం రాలే బిడ్డా. కడుపుతోని ఉన్న అన్న మాట ఆయిన నోటికెల్లి నేను ఇనుడు గదే మొదటిసారి. గా సావు తర్వాత మన వాడల ముగ్గురు వోయిర్రు. గప్పుడొచ్చింది అందరికి భయం.

తర్వాత పటేలు తల్లికి వచ్చింది. నర్సింగమ్మ. పెద్ద మనిషి, మడి మనిషి. ఆమె బాటకు వస్తున్నదంటె మనోళ్లు బాట ఇడిసి చేన్లకు దిగుతుండిరి. ఆమెను గూడ హుకుం ప్రకారమే వాగవతలికి పంపిర్రు, అండ్ల పటేలు మాట తప్పలే. ఐదో దినం పొద్దుగాల సచ్చిపోయింది. ఇగ సూడు, గానాడు ఊరు ఊరంత ఎంత మంచిగ హుకుం పాటించిందో. కొడుకులు నలుగురు, కోడండ్లు, మనుమలు, అందరు వాగొడ్డుకు వరుసగ నిలవడ్డరు. ఎవ్వరు ఒక్క అంగ ముంగటికి ఎయ్యలే. మీ తాత పదిహేను దినాలసంది గొంతు చింపుకొని చెప్తె ఇననోళ్లు గానాడు చెప్పకుండనే ఇన్నరు. పటేలు మా గుడిసె దిక్కు సూసి పిలిచిండు: "మైసిగా, అమ్మను ఎత్తుకొచ్చి కట్టెల మీద పండవెట్టు."

నేను గుడిసెల్నుంచి ఎల్లిన. అత్త ముంగట, మామ ముంగట, ఊరి ముంగట మీ తాత అంగి వట్టుకొని, పోకు అన్న. గట్టిగనే అన్న. ఆయిన నా దిక్కు సూడలే. "పోకుంటె ఊర్ల ఉండనిస్తరా?" అన్నడు. నా చెయ్యి ఇడిపిచ్చుకొని వాగులకు దిగిండు. ఆమె బతికినన్ని దినాలు ఈయిన నీడ గూడ తాకనియ్యలే. గిప్పుడు రెండు చేతుల మీద ఎత్తుకొని వస్తుంటె ఒక్కరన్న మైలయిందన్నరా? అనలే. అందరు మొఖాలు తిప్పుకున్నరు. మీ తాత పండవెట్టినంక ఆమె చీర కుచ్చిళ్లు సదిరిండు, గాలికి లేస్తున్నయని. నాకు గది ఇప్పటికి కండ్లల్లనే ఉన్నది.

గా పని అయినంక మీ తాత ఇంటికి రాలే. వాగుల మునిగి, తడిబట్టతోనే వచ్చి మా గుడిసెకు ఇరవై అంగల అవతల నిలవడ్డడు. నేను ఎదురు పోతుంటె చెయ్యి అడ్డం వెట్టిండు. "గాడనే ఆగు" అన్నడు. "ఎనిమిది దినాలు సూద్దం. ఏం గాకుంటె వస్త." బండ పక్కకు రెండు తాటాకులు కప్పుకొని కూసున్నడు. పొద్దుగాల అంబలి ముంత బండ మీద వెట్టి నేను ఎనుకకు వస్తుంటి. నేను వచ్చినంక ఆయిన లేసి తీస్కుంటుండె.

నవ్వకు గని ఓ ముచ్చట చెప్త. నేను మీ తాతతోని కాపురం చేసింది గా నాలుగు దినాలేరా. ఇంట్ల ఉన్నప్పుడు మాట లేదు, గిప్పుడు దూరం ఉన్నడు గద, ఒర్లితెనే ఇనవడ్తది. ఒర్లితె అందరికి ఇనవడ్తది. ఇగ సిగ్గు యాడిది? ఆయిన ఆడికెల్లి అడుగుతుండె, "ఏమే, తిన్నవా? ఏం తిన్నవు? కాళ్లు వాచినయంటివి, తగ్గినయా?" అని. నేను ఈడికెల్లి చెప్తుంటి. మా అత్త మామ గుడిసెలకెల్లి ఇంటరు, పక్క గుడిసెలోళ్లు ఇంటరు. పక్క గుడిసె హనుమమ్మ అయితె, "గింత ముచ్చట యాడ దాసుకున్నవే బీరమ్మా" అన్నది. ఓనాడు ఆయిన, నేను ముంతతోని తెచ్చి వెట్టిన డప్పు సంచి దులిపి నా దువ్వెన తీసి సూపిచ్చిండు. "గిది నాకాడనే ఉంటది, నీకు జాతరల కొత్తది తెస్త" అన్నడు. నేను, "గదే కావాలె నాకు" అన్న. "గిదైతె ముట్టద్దు, నేను వచ్చినంక నేనే దువ్వుత" అన్నడు. గంత మంది ముంగట! నాకు మొఖం యాడ వెట్టుకోవాల్నో తెల్వలే. మొగడు గిట్ల మాట్లాడుతడని నాకేమెర్క. గిన్ని దినాలు గీ మాటలన్ని యాడ వెట్టుకున్నడని నాకు ఏడుపొచ్చింది. ఎనిమిది దినాలు ఎప్పుడైతయా అని యేళ్లు మడుస్తుంటి.

ఐదో దినం ముంత తీస్కోను లేవలే. నేను పిలిచిన. చెయ్యి లేపిండు. చంకల గడ్డ లేసిందని చెప్పిండు, జరమొచ్చిందని గూడ చెప్పిండు. దాసలే. తర్వాత తనే లేసి, కట్టె వట్టుకొని, వాగవతలికి పోవాలని దిగిండు. నడుము లోతు నీళ్లు గూడ లేవు వాగుల, అయినా మూడు సార్లు కూసున్నడు. అవతలి ఒడ్డుకు చేరినంక నా దిక్కు తిరిగి అన్న మాట గిది, నేను ఒక్క అచ్చరం తప్పకుండ చెప్త నీకు. "ఏమే, ఇను. జరంల నేను నిన్ను పిలుస్తనేమో. పిలిచినా రాకు. గది నేను గాదు, జరం పిలుస్తున్నదనుకో. పిల్లగాని మీద ఒట్టు, రాకు." నేను తల ఊపిన. ఊపినవా అని మల్ల అడిగిండు. ఊపిన అన్న.

తెల్లారి పగటాల్ల పిలిచిండు. ఎండ మాడుతున్నది. నేను ఒడ్డుమీద నిలవడ్డ. రెండేండ్లల్ల నన్ను ఏమే అనుడే గని పేరు వెట్టి పిలిచింది లేదు. గానాడు పేరు వెట్టి పిలిచిండు. బీరమ్మా అన్నడు. నేను వాగులకు దిగిన. అండ్లకెల్లి ఒక అంగ, రెండు అంగలు, ఏడు అంగలేసిన. మా అత్త ఒడ్డుమీద నిలవడ్డది గని ఆపలే, పో అని గూడ అనలే. ఆమె కొడుకు గద. పిల్లగాని మీద ఒట్టు యాదికొచ్చి గాడనే నీళ్లల్ల కూసున్న. నేను కనవడుతున్న ఆయినకు. నన్నే సూసుకుంట పిలిచిండు. పొద్దు వాగు మీదికి వాలెదాంక పిలిచిండు. తర్వాత పిలువలే.

ఊర్ల అందరు నన్ను మెచ్చుకున్నరు. గిప్పటికి అంటరు, బీరమ్మ ఒక్కతే హుకుం మీద ఉన్నది, గందుకే కొడుకును దక్కిచ్చుకున్నది అని. డాక్టరమ్మ గూడ అన్నది మొన్న, మంచిపని చేసినవవ్వా అని. నిజమే బిడ్డా, పోతె మీ నాయిన ఉండకపోతుండె, నువ్వు ఉండకపోతుంటివి. పిలిచింది జరమే అని మా అత్త అనేది, జరమే అని చర్చి ఫాదర్ గూడ అన్నడు.

గొంతైతె మీ తాతదే.