పాట అయిపోయాక వచ్చే మాట

ఏ పాటన్నావ్? ఆ... అదా. ఆపు, ఫోన్లో పెట్టొద్దు. ముప్పై అయిదేళ్ళయిందని మళ్ళీ రికార్డేసి అమ్ముతున్నారా? అమ్ముకోనీలే, ఆ ఇంగ్లండు కుర్రాళ్ళకి ఇంకో పాట ఆడిందా ఏంటి? మొదటిదే హిట్టు, అదే ఆఖరు. వాళ్ళ దేశంలో ముందు ఎవడూ పట్టించుకోలేదంట, ఇక్కడ ఆస్ట్రేలియాలో మోగాక అప్పుడు అక్కడ మోగింది. ఇప్పుడు ఉల్లిపాయలకి షాపుకెళ్ళినా నెత్తిమీద అదే. నేను ట్రాలీ అక్కడే వదిలేసి కార్లో కూర్చుంటా, మీ జయశ్రీ ఆంటీ తిడుద్ది. ఏంటీ, మీ అమ్మ బర్త్‌డేకి కొంటున్నావా? తాతయ్యకి ఇష్టమైన పాటని మీ అమ్మ కరోలినే చెప్పిందా? నీకు అట్టా చెప్పిందా... కూర్చో ఏతాన్. కూర్చోరా.

మీ తాత శౌరయ్యగారిది ఫిరంగిపురం. మీ అమ్మమ్మ విక్టోరియమ్మ నర్సు కాబట్టి వీసా ఆవిడకొచ్చింది, ఈయన వెనకాలొచ్చి బిస్కెట్ ఫ్యాక్టరీలో చేరాడు. ఎనభై తొమ్మిదిలో నేను వాళ్ళింట్లోనే రూములో అద్దెకుండేవాణ్ణి, సిడ్నీలో ఈ గిరావీన్లోనే. అప్పుడు గిరావీన్ అంటే ఇప్పటిలాగా కాదులే, మనోళ్ళు కనపడితే పండగ. గోంగూర వండే ఇల్లు అదొక్కటే. ఆదివారం వాళ్ళు చర్చిలో పూజకెళ్ళేవాళ్ళు, నేను ఇంట్లో పడి నిద్రపోయేవాణ్ణి. ఆ ఆదివారం మీ అమ్మ, పద్నాలుగేళ్ళది, వెళ్తా వెళ్తా, "అంకుల్, ప్లీజ్, రేడియోలో ఆ సాంగ్ వస్తది, టేప్ చెయ్యవా" అంది. సరే పో అన్నా.

పాట మొదలవుతోంది, ఖాళీ క్యాసెట్టు లేదు. మిషన్లో ఒకటుంది, పైన 'క్రీస్తు పాటలు' అని రాసుంది. అట్టాంటివి ఆ ఇంట్లో ఇరవై ఉన్నాయ్. ఒకటి పోతే ఏంలే అనుకున్నా. రికార్డు నొక్కితే దిగట్లా. తీసి చూస్తే వెనక చిన్న రెక్కలు విరిచేసున్నాయి. అంటే ఏంటి? దీన్ని చెరపొద్దురా అని. నాకు తెలుసు. తెలిసే సెల్లోటేపు ముక్క అంటించి నొక్కా. ఊళ్ళో ఖాళీ క్యాసెట్టు దొరక్క మీ తాత వాళ్ళమ్మ ఆ పాటల క్యాసెట్టు చివర్లోనే ఉత్తరం చెప్పి పంపించిందని నాకేం తెలుసు? అయిదు నిమిషాలు. ఫోన్లెక్కడియ్యి అప్పుడు? అది పంపిన రెండు నెలలకి ముసలామె పోయింది, ఈయన వెళ్ళలేకపోయాడు. రోజూ విని, మళ్ళీ ఆమె మాటల మొదటికి తిప్పి పెట్టుకునేవాడంట. సరిగ్గా అక్కడే పెట్టాన్నేను పాటని.

సాయంత్రం అన్నాల దగ్గర తెచ్చి బల్ల మీద పెట్టాడు. కేకలెయ్యలేదు. "ఎవరు?" అన్నాడు. మీ అమ్మ నా వంక ఒక్కసారి చూసింది. నేను చెప్తానేమోనని చూసింది. నేను తేలు కుట్టిన దొంగలాగా ముద్ద నములుతా ఉన్నా. "నేనే, డాడ్" అంది. "మా అమ్మ గొంతు మీద పాట పెట్టావా" అన్నాడు, అంతే. మూడేళ్ళు దాంతో మాట్లాడలా. పక్కనే కూర్చునుండేది, "విక్టోరియా, ఉప్పు ఇటియ్యమని దానికి చెప్పు" అనేవాడు. రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనుకున్నా. గెంటేస్తే ఎక్కడికి పోనూ? ముందు ఆ భయం, తర్వాత సిగ్గు.

పాట అయిపోయాక కొంచెం మిగిలింది. "సరే నాయనా, పొయ్యి మీద పాలున్నాయి, ఉంటా మరి." అంతే మిగిలింది. దాని కోసం రోజూ పాటంతా వినేవాడు. ముందుకి గబగబా తిప్పితే ఒకసారి టేపు చిక్కుపడింది, ఆ భయానికి మళ్ళీ తిప్పలేదు. టీ బ్రేకులో కూడా చెవులకి పెట్టుకుని అదే. ఫ్యాక్టరీలో తెల్లోళ్ళు, "షోరీ, మేట్, యు లవ్ దట్ బ్యాండ్!" అని, ఆ బ్యాండు తొంభై ఒకటిలో సిడ్నీ వస్తే టికెట్టు కొనిచ్చారు. మొహమాటానికి వెళ్ళాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. నేనే స్టేషన్ నుంచి తీసుకొచ్చా. కార్లో టికెట్టు ముక్క మడతలు పెడతా కూర్చున్నాడు. ఆఖరికి, "అంతా బాగానే పాడారు కోటేశ్వరరావూ. అయిపోయాక ఊరికే చప్పట్లు కొట్టారు" అన్నాడు. పక్క సీట్లో ఏడుస్తున్నాడు. అప్పుడన్నా చెప్పాలా వద్దా? హీటరు ఎక్కువైందా అనడిగా. నేనూ ఒక మనిషినే.

మరుసటేడు గుండెపోటు, ఫ్యాక్టరీలోనే. చర్చిలో పెట్టె మూసేముందు ఆయన ఫ్రెండ్స్ ఆ పాట వేశారు, వాళ్ళకేం తెలుసు, పాపం. కొత్త సీడీ, అద్దంలా ఉంది సౌండు. పాటాగింది. అందరూ తలలొంచుకున్నారు, విక్టోరియమ్మ ఒక్కతే తలెత్తి చూస్తోంది, ఇంకా ఏదో రావాలన్నట్టు. మీ అమ్మ నా పక్కకొచ్చి నిలబడింది. పదిహేడేళ్ళ పిల్ల. నా చొక్కా చెయ్యి పట్టుకుని మెల్లగా, "యు కెన్ టెల్ హిమ్ నౌ, అంకుల్" అంది. కోపంగా కాదు నాన్నా. బతిమాలింది. ముందుకి నడిచా. ఆయన మొహం దాకా వెళ్ళా. వంగా కూడా.

దణ్ణం పెట్టి వచ్చేశా.

...మీ తమ్ముడు నోవాకి కారు లైసెన్సు వచ్చిందా? నేర్చుకునేవాళ్ళ ఎల్ ప్లేటేనా ఇంకా?