చక్రాల మీద రబ్బరు

గూడూరులో మెకానిక్ జీవానందం షెడ్డు ముందు మైకా వ్యాపారి పద్మనాభయ్య తన రెండు సీట్ల స్పోర్ట్సు కారు ఆపాడు.

"కంకర ఎగిరి చక్రాల పైనుండే రేకుకు తగల్తా ఉంది జీవానందం. రంగంతా లేచిపోయింది. ఏదన్నా అడ్డం పెట్టు."

"పాత టైరు కోసి లోపల పరుస్తానయ్యా. చక్రం వెనక కూడా ఒక ముక్క వేలాడదీస్తా."

"వేలాడితే కారు అందం పోదా?"

జీవానందం చక్రం ఊడదీసి లోపల తడిమాడు. వేళ్లకు జిడ్డు తగిలింది.

"బ్రేకు పడతా ఉందా అయ్యా?"

"రెండు తూర్లు తొక్కితే పడుతుంది."

"రాయి తగిలి బ్రేకు గొట్టం చితికింది. ఆయిలు కారతా ఉంది. కొత్త గొట్టం మద్రాసు నుంచి రావాల."

"అదొచ్చినప్పుడు చూద్దాం. రేపు మా అమ్మను కంటి ఆపరేషనుకు మద్రాసు తీసకపోవాల."

కారుకున్న తాళంచెవి తీసి జీవానందం తన జేబులో వేసుకున్నాడు.

"ఏందది?"

"అమ్మగారిని రైల్లో తీసకపోండయ్యా."

"నా కారు తాళం నువ్వు పెట్టుకుంటావా?"

"తిట్టినా సరే, ఇయ్యను."

అంత పెద్దమనిషికి జీవానందం ఎన్నడూ ఎదురు చెప్పినవాడు కాదు. అయినా జేబులోంచి చెయ్యి తీయలేదు.

పద్మనాభయ్య వంగి, నేల మీద పడుతున్న ఆయిలు చుక్కలను కాసేపు చూశాడు.

"పొద్దున మద్రాసు బండి ఎన్నింటికి?"