లావోని మాట, బక్కోని మాట

జనగామ. సకల జనుల సమ్మె రోజులు. మూసి ఉన్న తన కిరాణా దుకాణం లోపల రామచందర్, అతని జతగాడు టీక్యా పాత సినిమా మిషను ముందేసుకుని కూర్చున్నారు. సాయంత్రం దీక్షా శిబిరంలో లావోడు, బక్కోడు ఉన్న మూగ ఇంగ్లీషు బొమ్మ ఆట ఉంది; మాటలు వీళ్లిద్దరే చెప్పాలి.

"మల్లొకసారి చెప్పు సేటు. లావోడు చేతుల గొడుగు పట్టుకోని వకీలును ఏమంటడు?"

"అది నీ మాట టీక్యా. లావోనికి నువ్వు చెప్తవ్, బక్కోనికి నేను చెప్త. మూడేండ్ల సంది గిట్లనే నడుస్తంది."

"గందుకే ఇయ్యాల రెండూ నువ్వే చెప్పి చూడు."

"ఎందుకు? నీ గొంతుకేమైంది?"

"ఏం గాలే. రేపు పడిశం పడితే? ఒకవేళ... ఏదన్న ఐతే?"

"పడిశానికి మిరియాలు మస్తుగున్నయ్ దుకాణంల. మిషను అద్దం తుడిచినవా?"

"నువ్వెప్పుడన్న తుడిచినవా? పొద్దుగాలనే అయింది. మాట మార్చకు. ఏమంటడు?"

"'ఏంది వకీలు సాబ్, మా తాత ఆస్తంటే రెండు మేడలనుకొని వస్తిమి. గీ చిల్లుల గొడుగు ఇస్తవేంది?' అంటడు."

"గట్ల కాదు. గది బక్కోని లెక్క ఉంది. లావోడు ముందుగాల గొడుగు తెరుస్తడు. చిల్లులకెల్లి వకీలును చూస్తడు. అప్పుడు నిమ్మళంగ అడుగుతడు. 'ఎండకాలం మేడ, వానకాలం మేడ రెండూ గీ గొడుగులనే ఉన్నయా వకీలు సాబ్?'"

"చూసినవా? నేనెంత లావున్నా నాకు లావోని మాట రాదు. సౌండు లేని ఇంగ్లీషు బొమ్మకు మన మాటలు అతికిచ్చుడంటే ఒక్కని పని గాదు. మనకు బొమ్మలాడిచ్చుడు నేర్పిన యోసేపు తాత సోంచాయించే పెట్టిండు. పోయేటప్పుడు మిషను నాకిచ్చిండు, రీళ్లు నీకిచ్చిండు. ఎందుకు?"

"కొట్లాడుకోమని."

"విడిపోవద్దని. ఒక్క మిషను పెట్టుకోని నేనేం జెయ్యాలె, పప్పు రుబ్బాలెనా?"

"తాత ఇంటి జాగ రాసిండేమోనని నెల్లికుదురు దాంక ఉరికినం. గా గొడుగు కథనే అయింది మనకు."

"అయితే అయింది. గొడుగున్నోళ్లు తడుస్తరా? రీలు చుట్టు."

"చుడుతున్న గద. సేటు, ఒకటడుగుత. నాకేమన్న లెటరొచ్చిందా?"

"ఏం లెటరు?"

"మా తండకు పోస్టు సక్కగ రాదని మీ దుకాణం అడ్రసు రాసిచ్చిన గద. మిలిటరోళ్ల లెటరు."

"సమ్మె గదరా. అన్నీ బందున్నయ్."

"పోస్టు బందు లేదు. నిన్న మీ ఇంట్ల సుభాషిణక్కకు పెండ్లికార్డొచ్చింది."

"పెండ్లికార్డులొస్తయ్. మిలిటరీవి... జర నిదానంగ వస్తయ్. అసలు నీకు మిలిటరీ ఏందిరా? అన్నం లైననుకోని నిలబడ్డ అంటివి."

"నిజమే గద. మిరుగం కార్తెల భూపాలపల్లి ఆటకు పోయినప్పుడు రోడ్డు మీద వంటా వార్పు అన్నరు. నువ్వే అన్నవ్, పోయి లైను పట్టు, నేనొస్త అని. పెద్ద లైను కనవడ్డది. పట్టిన."

"అంగీ ఇప్పుమన్నప్పుడన్న అనుమానం రాలే?"

"సాంబారు పడ్తదని ఇప్పుమంటున్నరనుకున్న."

"ఛాతి కొలిచిన్రు."

"ఎంత తింటనో చూస్తున్నరనుకున్న."

"మైలు ఉరికిచ్చిన్రు."

"ముందొచ్చినోళ్లనే తీసుకుంటమన్నరు. ఆకలి మీదున్న, అందరికంటె ముందుగాల ఉరికిన. నువ్వేమో రోడ్డుకవతల అసలు లైన్ల రెండు విస్తర్లు ఖాళీ చేసి లేచినవ్."

"మూడు. సరే, అది అన్నం. నెల దినాలైనంక పోయి పరీక్ష రాస్తివి. అది గూడ అన్నానికేనా?"

"రీలు జారుతంది, జర పట్టుకో."

"పట్టుకున్న. అది గూడ అన్నానికేనా?"

"పెన్ను ఇచ్చిన్రు. రాసిన."

"టీక్యా."

"మా అవ్వ నడుం పట్టుకుంటంది సేటు. తుల్సీబాయి ఇంకెన్నేండ్లు పత్తి ఏరుతది? నేను బొమ్మలాడిస్తనంటే తండల నవ్వుతరు. ఆ దినం ఉరికొచ్చి పడ్డంక మీసాల సుబేదారు వీపు తట్టి శభాష్ అన్నడు. నన్నట్ల ఎవరనలే."

"నేనంట గద."

"నువ్వు జల్ది చుట్టు అంటవ్."

"గది శభాషే, నా బాసల. అరే, ఆలోచించు. సినిమాలల్ల మన మాట మాట్లాడెటోడు దొంగోడు, లేకుంటె ఎడ్డోడు. మన బొమ్మల మాత్రం తెల్లదొరలే మన మాట మాట్లాడుతరు. ఆ కర్నల్ సాబ్ 'ఏందిరా గిది' అంటే మొన్న శిబిరంల సార్లందరు కండ్లల్ల నీళ్లొచ్చేటట్టు నవ్విన్రు. నువ్వు లేకుంటె గది ఎవలంటరు?"

"గందుకే నేర్చుకోమంటున్న. అయినా లెటరే రాకపాయె. నీకేం పరేషాని?"

"నాకేం పరేషాని. నాకేం లేదు."

"అయితే ఆఖరి రీలు చెప్పు."

"ఆఖరి రీలు లేనే లేదు గద."

"లేదు గనకనే చెప్పాలె. ఇద్దరు బువ్వ లైననుకోని ఫౌజుల చిక్కుతరు, రీలు అయిపోతది, పరదా మీద తెల్లగ వెల్తురు పడ్తది. అప్పుడు బక్కోడు ఏమంటడు?"

"'పా అన్న, ఇంటికి పోదాం' అంటడు."

"లావోడు?"

"నాకు రాదు."

"రోజు ఇంటవ్ గద సేటు."

"'గొడుగు తెచ్చుకున్నవా, బయట వానున్నది' అంటడు."

"గిదే. గిదే లావోని గొంతు. వచ్చేసింది నీకు."

"వద్దు. నాకు రావద్దు. టీక్యా, ఒకటి చెప్త, కోపం జేసుకోవద్దు."

"చెప్పు."

"జేసుకోనని ముందుగాల అను."

"జేసుకోను."

"మిషను పెట్టె అడుగున, తుడిచే గుడ్డ కింద కవరుంది. నీ లెటరే. వారమైంది వచ్చి. నేనే దస్కతు పెట్టి తీసుకున్న, ఇప్పి చూసిన. ఎల్లుండి పొద్దుగాల సికింద్రాబాదుల హాజరు గావాలె. దాచిన. నువ్వు పోతే నేనొక్కన్నే ఏం జేస్త అనిపిచ్చింది. అప్పటి సంది అన్నం సైస్తలేదు."

"నీకా?"

"నవ్వకు. నేను మనిషిని గాదా? తింటానికి కూసుంటే తుల్సీబాయి నడుం యాదికొస్తంది. బస్సులు లేవు, రైళ్లను నమ్మరాదు. నా స్కూటర్ మీద నేనే దింపుత. రేపే పోదాం. ఏమన్న అనురా. తిట్టు."

"ఏమనాలె సేటు. రోజు ఆ గుడ్డ తీసేది నేనే గద. ఐదు దినాలైంది సదివి. నువ్వియ్యకపోతె ఉండిపోదామనుకున్న."