తెలియదన్న గడి

కాదు మేడం, ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా నేనమ్మిన ఇల్లే దొరికిందా మీకు? టొలీడోలో ఈ వైపు ఏ గోడ గీకినా సీసం కలిసిన పెయింటే. మా నాన్న పుట్టకముందు కట్టిన ఇళ్లు ఇవన్నీ. అందర్నీ వదిలేసి రేమండ్ విట్కోవ్‌స్కీ దగ్గరికే వచ్చారా, హెల్త్ ఆఫీసు ఫైలు పట్టుకుని?

అయ్యో, ఆ మెట్టు మీద కూర్చోకండి, ఇప్పుడే రంగేశాను. ఈ బకెట్టు బోర్లించి ఇస్తా, దీనిమీద కూర్చోండి. ఇది నా రెండో ఇల్లు, ఇంకా పని సాగుతోంది. కాఫీ పోయనా? ఫ్లాస్కులో ఉంది. వద్దా. సరే.

ఆ ఇంట్లో పాప రక్తంలో సీసం ఎంతుందన్నారు? మళ్లీ చెప్పండి. అబ్బ! ఏడాది పిల్లకి అంతా? అంతుంటే ఏమవుతుంది మేడం? మాటలు ఆలస్యమా... చదువు కూడానా? మరి మందిస్తే తగ్గదా? పోయింది తిరిగి రాదంటారా?

నేను మోసగాణ్ణి కాదు. గాజు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు చేశాను, ఒకరోజు గేటుకి తాళం వేసేశారు. యాభై ఆరేళ్లవాడికి కొత్తగా పనెవడిస్తాడు? మా ఆవిడ లోర్నా రేడియోలో ఏదో విని నన్ను ఓ హోటల్లో క్లాసుకి లాక్కెళ్లింది. పాడుబడ్డ ఇల్లు కొను, బాగుచెయ్యి, అమ్ము. రెండు రోజులు అదే పాట. డోనట్లు మాత్రం ఉచితం.

అక్కడే డ్వేన్ తగిలాడు నాకు. అప్పటికే పది ఇళ్లు బాగుచేసి అమ్మినవాడు. "గురూ, ఒక్కటి గుర్తుపెట్టుకో. సీసం పరీక్ష మాత్రం చేయించకు. చేయిస్తే ఉందని తెలుస్తుంది, తెలిస్తే కొనేవాళ్లకి రాసివ్వాలి. తెలీకపోతే ఫారంలో తెలియదన్న గడిలో టిక్కు పెట్టి హాయిగా పడుకోవచ్చు" అన్నాడు.

చట్టం కూడా అంతే కదండీ? తెలిసింది చెప్పమంది గానీ, తెలుసుకోమనలేదు. ఈ పనిలో ఉన్నవాళ్లు సగంమంది చేసేది ఇదే. మీకు తెలియందా? దుమ్ము రేగకుండా చెయ్యాలన్న నియమం ఉంది, ఉందండీ, ఒప్పుకుంటా.

ఆ ఇంటి పాత కిటికీలు పీకేసి కొత్తవి పెట్టుంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. డ్వేన్ కూడా ప్లాస్టిక్కువి బిగించెయ్యమన్నాడు. నేనే వినలేదు. ఆ గాజు చూశారా మీరు? చేతిపని గాజు మేడం. దాంట్లోంచి చూస్తే బయట చెట్టు కాస్త వంకర్లు పోతుంది. నా బతుకంతా గాజు దగ్గరే గడిచింది, అలాంటిదాన్ని చెత్తబండిలో ఎలా పడేస్తాను?

పదకొండు కిటికీలు. ఒక్కోదానికి ఆరేడు పొరల పెయింటు. తడిపి గీకాలంటే వారాలు పడుతుంది. మెషిన్ పెట్టి పొడిగానే రుద్దేశాను. లోర్నా భోజనం తెచ్చి, గుమ్మంలో నిలబడి "ఏంటిది రేమండ్, పిండిమర పెట్టావా?" అని ఒకటే నవ్వు. నాకూ సరదాగానే ఉండేది, ఆ కింద ఎర్రటి చెక్క బయటపడుతుంటే. చీపురుతో ఊడ్చాను, గుడ్డతో తుడిచాను. అంతా శుభ్రమైపోయిందనుకున్నాను. నేల చెక్కల సందుల్లోకి దిగిన పొడి అక్కడే ఉంటుందనీ, కిటికీ ఎత్తి దించినప్పుడల్లా ఇంకాస్త రాలుతుందనీ ఇవాళ మీరు చెబుతున్నారు.

అలా చూడకండి మేడం.

వాళ్లు పరీక్ష చేయించుకోవచ్చుగా? కొనేవాళ్లకి పదిరోజుల గడువుంటుంది. వద్దని సంతకం పెట్టారు. కావాలంటే కాయితం చూడండి... ఆఁ, ఎందుకు వద్దన్నారంటారా?

నేనే అన్నాను. ఇంకో జంట కాచుక్కూర్చుంది, ఆలస్యం చేస్తే చెయ్యిజారిపోతుంది అన్నాను. ఏ జంటా లేదు. ఒక్క పురుగు కూడా రాలేదు ఆ ఇంటికి.

ఆ ఇల్లు కొన్న షనెల్ చాలా మంచి పిల్లండీ. భర్త గోడౌన్లో డ్యూటీ దిగి, ఆ బట్టలతోనే వచ్చాడు. ఈమె చంకలో పాప, ఆమరీ, అప్పటికి ఆరు నెలలు. వాళ్లకది మొదటి సొంతిల్లు. ఆ కుర్రది కూడా కిటికీల దగ్గరే ఆగిపోయింది, నాలాగే. ఎంత సంబరపడ్డానో! చూశావా, నా పని విలువ తెలిసినవాళ్లు దొరికారు అనుకున్నాను.

రాయడం ఆపకండి. ఇంకా ఉంది.

ఇనుప సామాన్ల కొట్లో ఓ పుల్ల అమ్ముతారు. పెయింటు మీద రుద్దితే, సీసముంటే ఎర్రబడుతుంది. డ్వేన్ వద్దన్నాడని తెలిసీ ఓ రోజు కొన్నాను. ఎందుకు కొన్నానో నన్నడక్కండి. వంటింటి కిటికీ మీద రుద్దాను. నేను చెయ్యి తీసేలోపలే ఎర్రబడింది.

అప్పటికి ఏడు కిటికీలు అయ్యాయి. మిగతా నాలుగూ కూడా పొడిగానే రుద్దాను. ఏం చెప్పమంటారు? సిగ్గేస్తోంది మీ మొహం చూడ్డానికి.

ఆ పుల్ల రుద్దిన మర్నాడే మా అమ్మాయి క్రిస్టా డేటన్ నుంచి వచ్చింది, నాన్న బాగుచేస్తున్న మొదటి ఇల్లు చూద్దామని. చేతిలో మా మనవరాలు. అప్పుడప్పుడే పాకడం నేర్చింది. గుమ్మం దగ్గరే అడ్డం నిలబడ్డాను. "లోపలికి తీసుకురాకే, దుమ్ముంది" అన్నాను. "ఒక్క ఫోటో నాన్నా, నేల మీద కూర్చోబెట్టి తీసుకుంటా" అంది. అరిచాను మేడం. పుట్టి బుద్ధెరిగాక దానిమీద అంతలా ఎప్పుడూ అరవలేదు. వాన పడుతుంటే తల్లీపిల్లల్ని కార్లోనే కూర్చోబెట్టాను. ఇంటికెళ్లి స్నానం చేసి, బట్టలు మార్చుకుని, అప్పుడు ఎత్తుకున్నాను నా మనవరాల్ని.

నెల తిరక్కుండా షనెల్ వచ్చింది, ఇల్లు చూసుకోడానికి. పాత ఇల్లని భయపడిందో ఏమో, పాపని చంకలోంచి దించలేదు. ఇల్లంతా అలా ఎత్తుకునే తిరిగింది.

"దించమ్మా, పాకనీ, అంతా నా చేత్తో తుడిచిందే" అన్నది నేనే.